గ్రేస్ నోట్ల ఎడం: స్వరలిపి సాఫ్ట్‌వేర్లలో సర్దుబాటు

పాశ్చాత్య స్వరలిపిలో ముఖ్య స్వరాన్ని అంటిపెట్టుకుని, దానికన్నా చిన్నగా అచ్చయ్యే స్వరాలను గ్రేస్ నోట్లు అంటారు. బార్‌లో లెక్కకు వచ్చే కాలంలో వీటికి వాటా లేదు. నాలుగు క్వార్టర్ నోట్ల బార్‌లో ఎన్ని గ్రేస్ నోట్లు చేర్చినా అది నాలుగు క్వార్టర్ల బారే. వాయించేటప్పుడు మాత్రం వాటికీ కొంత సమయం పడుతుంది. ఆ సమయాన్ని అంతకు ముందు మోగిన స్వరం నుంచో, తరవాత మోగబోయే స్వరం నుంచో తీసుకుంటారు. కాగితం మీదా ఇదే చిక్కు. స్వరలిపి సాఫ్ట్‌వేర్లన్నీ స్వరం నిడివిని బట్టి దానికి ఎంత చోటివ్వాలో లెక్కగడతాయి. లెక్కలో నిడివే లేని స్వరం ఆ సూత్రానికి లొంగదు. అందుకే దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ గ్రేస్ నోట్లకు విడిగా నియమాలు, విడిగా అంకెలు ఉంటాయి. అవి చాలనప్పుడు చేత్తో జరుపుకునే వీలూ ఉంటుంది.

చోటు తక్కువైతే చిన్న తలలు ఒకదానిమీద ఒకటి పడి, షార్ప్, ఫ్లాట్ గుర్తులు స్వరాల్లోకి చొచ్చుకుపోతాయి. ఎక్కువైతే అంతకన్నా చేటు. ముఖ్య స్వరాల మధ్య ఎడం చెదిరి, సమానంగా మోగాల్సినవి కంటికి అసమానంగా కనిపిస్తాయి. మొదటి తప్పు చూడగానే తెలిసిపోతుంది, దిద్దుతారు. రెండోది అచ్చులో మిగిలిపోయి వాయించేవారిని తప్పుదారి పట్టిస్తుంది. అందుకే దాన్నే పెద్ద తప్పుగా ఎంచాలి. తెలుగు అచ్చులో వత్తు తన అక్షరాన్ని విడిచి పక్క అక్షరం కిందికి జరిగితే చదువరి ఎలా తికమకపడతాడో, గ్రేస్ నోటు తన ముఖ్య స్వరానికి దూరమైనా అలాగే ఉంటుంది.

పలకల మీద చెక్కిన రోజులు

1501లో వెనిస్‌లో ఒత్తావియానో పెత్రూచ్చి విడి అచ్చులతో బహుస్వర సంగీతాన్ని ముద్రించాడు. లోహపు పలక మీద స్వరాలను చెక్కి అచ్చుతీసే పద్ధతి ఆ శతాబ్దం చివర్లో నిలదొక్కుకుంది. 1586లో రోమ్‌లో సిమోనే వెరోవియో అలా ప్రచురించిన పుస్తకాలు ఆ పద్ధతికి తొలి ఉదాహరణల్లో ఉన్నాయి. ఇవాళ వెబ్ పేజీల్లో స్వరలిపిని చూపించే ఒక ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్‌కు ఆయన పేరే పెట్టారు.

18, 19వ శతాబ్దాల్లో ఈ పని ఒక పెద్ద వృత్తి. తగరం ఎక్కువగా ఉన్న మెత్తని మిశ్రలోహపు పలక తీసుకుని, ఐదు పళ్ల పనిముట్టుతో స్టాఫ్ గీతలు లాగేవారు. నోట్ తలలను, క్లెఫ్‌లను ఉక్కు పంచ్‌లతో కొట్టేవారు. కాడలు, బీమ్‌లు, స్లర్‌లు ఉలితో చెక్కేవారు. అంతా అద్దంలో బింబంలా తిరగేసి చేయాలి. తప్పు జరిగితే పలక వెనక నుంచి సుత్తితో కొట్టి, ఆ చోటు చదును చేసి మళ్లీ చెక్కాలి. అందువల్ల పంచ్ చేతిలోకి తీసుకోకముందే విభాగినితో కొలిచి, ఏ స్వరం ఎక్కడ పడాలో పలక మీద సన్నని గుర్తులు పెట్టుకునేవారు. గ్రేస్ నోట్లకు ఎంత చోటు పోతుందో ఆ దశలోనే అంచనా కట్టాలి. వాటికి చిన్న పంచ్‌లు వేరుగా ఉండేవి. లైప్‌జిగ్‌లోని రోడర్ వంటి సంస్థల్లో ఈ పని నేర్చుకోవడానికి ఏళ్లు పట్టేది. 1948లో స్థాపించిన హెన్లే ప్రచురణ సంస్థ 20వ శతాబ్దం చివరి దాకా చేతి చెక్కుడును వదల్లేదు. దాని పాత పుటల్లో గ్రేస్ నోట్లు ముఖ్య స్వరం పక్కన ఒదిగి కూర్చునే తీరు ఇప్పటికీ సాఫ్ట్‌వేర్లకు కొలబద్దగా పనికొస్తుంది.

అలంకార స్వరాలను ఎలా వాయించాలో చెప్పే గొప్ప గ్రంథాలు మూడు ఆరేళ్ల లోపే వచ్చాయి. క్వాన్స్ వేణు గ్రంథం 1752లో, సి.పి.ఇ. బాక్ కీబోర్డు గ్రంథం మొదటి భాగం 1753లో, లియోపోల్డ్ మోత్సార్ట్ వయొలిన్ గ్రంథం 1756లో వెలువడ్డాయి. ఆ కాలపు దీర్ఘ అపోజియతూరా అనే అలంకార స్వరం ముఖ్య స్వరం నిడివిలో సగం తినేస్తుంది. అయినా అచ్చులో అది చిన్నగానే, ముఖ్య స్వరానికి దగ్గరగానే ఉండేది. అంటే చోటు మోతను బట్టి కాక రాతను బట్టి నిర్ణయమైంది. కాడకు అడ్డంగా గీత ఉన్న అచ్చకతూరా అనే పొట్టి గ్రేస్ నోటు 19వ శతాబ్దంలో స్థిరపడ్డాక కూడా ఈ సంప్రదాయం మారలేదు. సాఫ్ట్‌వేర్లకు వారసత్వంగా వచ్చింది ఇదే.

నిడివికి ఎంత చోటు

హాఫ్ నోటు క్వార్టర్ నోటుకు రెట్టింపు సేపు మోగుతుంది. కానీ దానికి రెట్టింపు చోటివ్వరు. అలా ఇస్తే దీర్ఘ స్వరాలున్న బార్లు ఖాళీ మైదానాల్లా కనిపిస్తాయి. నిడివి రెట్టింపైన ప్రతిసారీ చోటు సుమారు ఒకటిన్నర రెట్లు పెరగాలన్నది పాత చెక్కుడు పనివారి అనుభవం. డోరికో అనే సాఫ్ట్‌వేర్‌లో మొదట అమర్చి ఉన్న నిష్పత్తి 1.41, క్వార్టర్ నోటుకు ఇచ్చే చోటు 4 స్పేస్‌లు. ఫినాలే అనే మరో సాఫ్ట్‌వేర్‌లో ఫిబొనాచ్చి వరుసను అనుసరించి 1.618 నిష్పత్తిని ఎంచుకునే వీలుండేది. లిలీపాండ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ హెచ్చించదు, కూడుతుంది. నిడివి రెట్టింపైనప్పుడల్లా 1.2 స్పేస్‌లు కలుపుతుంది. ఇక్కడ స్పేస్ అంటే స్టాఫ్‌లో పక్కపక్క గీతల మధ్య దూరం. స్టాఫ్ ఎత్తు 7 మిల్లీమీటర్లైతే ఒక స్పేస్ 1.75 మిల్లీమీటర్లు.

ఈ లెక్కలను కంప్యూటర్‌కు అప్పగించే పని మీద 1984లో డొనాల్డ్ బర్డ్ ఇండియానా విశ్వవిద్యాలయంలో సిద్ధాంత గ్రంథం రాశాడు. 1987లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో జాన్ గౌర్లే ఒక పంక్తి సంగీతాన్ని ఎడం చూసి అమర్చే విధానాన్ని వివరించాడు. నేటి సాఫ్ట్‌వేర్లలో చాలావాటి వెనక ఉన్న ఊహ ఒకటే. ఒకే క్షణంలో మోగే స్వరాలన్నీ ఒక నిలువు వరుస. వరుసకూ వరుసకూ మధ్య ఒక స్ప్రింగు. దాని సహజమైన పొడవు నిడివిని బట్టి ఉంటుంది. ఏ గుర్తూ మరో గుర్తును తాకకుండా కనీస దూరాన్ని కాపాడే గట్టి కడ్డీ కూడా ఒకటి ఉంటుంది. పంక్తిని పుట వెడల్పుకు సరిపడా లాగినప్పుడు స్ప్రింగులన్నీ సాగుతాయి.

ఈ నమూనాలో గ్రేస్ నోటు ఎక్కడ పెట్టాలో చూడండి. దానికి సొంత వరుస ఇస్తే దాని స్ప్రింగు కూడా సాగుతుంది, వదులు పంక్తిలో గ్రేస్ నోట్లు ముఖ్య స్వరాల్లాగే విచ్చుకుపోతాయి. సొంత వరుస ఇవ్వకుండా ముఖ్య స్వరానికి ఎడమవైపు వేలాడదీస్తే, ఇరుకు పంక్తిలో ముందరి స్వరాన్ని గుద్దుకుంటాయి. పంక్తి ఎంత వదులైనా, ఎంత బిగుతైనా గ్రేస్ నోట్ల గుంపు లోపలి ఎడం దాదాపు మారకుండా ఉంటే పుట చక్కగా చదవబుద్ధేస్తుంది. సాగాల్సినవి వాటి చుట్టూ ఉన్న ముఖ్య స్వరాలు మాత్రమే.

దగ్గరగా ఒక లెక్క

డోరికో అంకెలతోనే చూద్దాం. మామూలు నిండు నోట్ తల వెడల్పు, బ్రవూరా అనే స్వరలిపి ఫాంట్‌లో 1.18 స్పేస్‌లు. గ్రేస్ నోటు అందులో 60 శాతమైతే దాని తల 0.7 స్పేస్. ఒక్కోదానికి 0.4 స్పేస్ ఎడం కలిపితే ఒక గ్రేస్ నోటుకు 1.1 స్పేస్‌లు కావాలి. రెండు క్వార్టర్ నోట్ల మధ్య 4 స్పేస్‌లు ఉంటే, మొదటిదాని తల పోగా 2.82 మిగులుతుంది. అందులో రెండు గ్రేస్ నోట్లు, అంటే 2.2 స్పేస్‌లు, హాయిగా పడతాయి. మూడైతే 3.3. పట్టవు. ఎయిత్ నోట్ల మధ్య దూరం 2.84, మిగిలేది 1.66. ఒకటే పడుతుంది. సిక్స్‌టీన్త్‌ల మధ్య దూరం 2.01, మిగిలేది 0.83. ఒక్కటి కూడా పట్టదు.

సిక్స్‌టీన్త్‌ల పరుగులో ఒకే ఒక్క గ్రేస్ నోటు చేర్చినా ఆ చోట పంక్తి వెడల్పు కావాల్సిందే అని దీనర్థం. అప్పుడు నాలుగు సిక్స్‌టీన్త్‌ల గుంపులోని మూడు ఎడాల్లో రెండు సమానంగా ఉండి ఒకటి మాత్రం విచ్చుకుంటుంది. పుటలో కన్ను ముందు పట్టుకునేది అదే. దీనికి మందు గ్రేస్ నోటు దగ్గర కాక గుంపు మొత్తంలో ఉంది. మిగతా ఎడాలను కూడా కొద్దికొద్దిగా పెంచి తేడాను పంచెయ్యాలి. చెక్కుడు పనివారు చేసింది అదే. సాఫ్ట్‌వేర్ తనంతట తాను చేయనప్పుడు సరిచూసేవారు చేత్తో చేయాలి.

పై లెక్కలో షార్ప్ గుర్తులు లేవు. ముఖ్య స్వరానికి షార్ప్ ఉంటే అది గ్రేస్ నోటుకూ ముఖ్య స్వరానికీ మధ్యలో కూర్చుంటుంది, గ్రేస్ నోటు మరో స్పేస్ పైచిలుకు ఎడమకు జరుగుతుంది. ఒంటరి గ్రేస్ నోటు కాడకు కుడివైపు వేలాడే తోక ఇంకో ఇబ్బంది. గ్రేస్ నోట్ల కాడలు సాధారణంగా పైకే ఉంటాయి. గ్రేస్ నోటు కన్నా ముఖ్య స్వరం మూడో నాలుగో మెట్లు పైన ఉంటే, ఆ తోక సరిగ్గా ముఖ్య స్వరం తల ఎత్తుకు వచ్చి దాన్ని తాకుతుంది. నోట్ తలల మధ్య దూరం సరిపోయినా తోక వల్ల మరికాస్త జరపాల్సి వస్తుంది. గ్రేస్ నోట్లు రెండు, అంతకు మించి ఉన్నప్పుడు బీమ్ వస్తుంది గనక ఈ బాధ తప్పుతుంది.

సాఫ్ట్‌వేర్ల తీరు

స్టాన్‌ఫర్డ్‌లో లీలండ్ స్మిత్ తయారుచేసిన స్కోర్ అనే ప్రోగ్రామ్‌లో పుట మీది ప్రతి గుర్తుకూ స్థానాన్ని అంకెతో చెప్పొచ్చు. గ్రేస్ నోటును ఎక్కడ నిలపాలో చెక్కేవాడే నిర్ణయించే పాత స్వేచ్ఛ అందులో మిగిలి ఉంది, అంత ఓపికా కావాలి.

సిబెలియస్‌ను ఇంగ్లండ్‌లో కవలలు బెన్ ఫిన్, జోనథన్ ఫిన్ రాశారు, 1993లో విడుదలైంది. దాని నోట్ స్పేసింగ్ రూల్‌లో గ్రేస్ నోట్ల చుట్టూ ఎంత చోటు వదలాలి, చివరి గ్రేస్ నోటు తరవాత అదనంగా ఎంత ఉండాలి అని రెండు విడి అంకెలు ఇచ్చారు. ఈ రెండో అంకె ఎంతో తెలివైన ఏర్పాటు. గుంపు లోపలి ఎడం, గుంపుకూ ముఖ్య స్వరానికీ మధ్య ఎడం ఒకటే కానక్కర్లేదని అది గుర్తిస్తుంది. విడి స్వరాన్ని ఎంచుకుని షిఫ్ట్, ఆల్ట్‌లతో బాణం మీటలు నొక్కి జరపొచ్చు. అయితే రీసెట్ నోట్ స్పేసింగ్ ఆదేశం ఇస్తే ఎంచుకున్న భాగంలో చేత్తో చేసిన జరుపుళ్లు పోతాయి. కనుక ముందు మొత్తానికి అంకెలు కుదుర్చుకుని, పంక్తులు ఎక్కడ విరగాలో తేల్చుకుని, ఆ తరవాతే విడి స్వరాల జోలికి పోవాలి. ఈ వరుస తిరగబడితే చేసిన పనంతా మళ్లీ చేసుకోవాల్సి వస్తుంది.

2012లో సిబెలియస్‌ను అభివృద్ధి చేస్తున్న లండన్ బృందాన్ని తొలగించాక అందులో చాలామందిని స్టైన్‌బర్గ్ సంస్థ చేర్చుకుంది. వారు తయారుచేసిన డోరికో 2016లో వచ్చింది. అందులో గ్రేస్ నోట్లకు ఇచ్చే చోటును మామూలు చోటులో ఇంత శాతం అని చెప్పొచ్చు. స్కోరుకు ఒక శాతం, విడి వాద్యాల పార్టులకు ఇంకో శాతం పెట్టుకోవచ్చు. ఇరవై స్టాఫ్‌ల స్కోరులో ఇరుకుగా ఉంచి, ఒక్క ఫ్లూట్ పార్టులో విశాలంగా ఉంచే వీలు నిజమైన సౌకర్యం. విడిగా జరపడానికి ఎన్‌గ్రేవ్ మోడ్‌లో నోట్ స్పేసింగ్ పనిముట్టు ఉంది.

మ్యూజ్‌స్కోర్ ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్. వెర్నర్ ష్వేర్ 2002లో మొదలుపెట్టాడు. అందులో గ్రేస్ నోటు ముఖ్య స్వరానికి అనుబంధంగా నమోదవుతుంది. గ్రేస్ నోటు నుంచి గ్రేస్ నోటుకు, గ్రేస్ నోటు నుంచి ముఖ్య స్వరానికి అని రెండు దూరాలు ఉంటాయి. పరిమాణం మొదట 70 శాతంగా అమర్చి ఉంటుంది. 2022 డిసెంబర్‌లో వచ్చిన నాలుగో వెర్షన్‌లో అడ్డ ఎడం లెక్కను కొత్తగా రాశారు.

లిలీపాండ్‌ను 1996లో నెదర్లాండ్స్‌లో హాన్-వెన్ నీన్‌హుయిస్, యాన్ న్యూవెన్‌హుయిజెన్ మొదలుపెట్టారు. చేతి చెక్కుడు అందాన్ని కంప్యూటర్‌లో తిరిగి సాధించాలన్నది వారి పట్టుదల. ఇందులో మౌస్‌తో లాగడం ఉండదు, అంతా పాఠ్యంగా రాయాలి. గ్రేస్ నోట్ల పరిమాణం సుమారు 71 శాతం. వాటి కోసం గ్రేస్ స్పేసింగ్ అనే విడి వస్తువు ఉంది. మామూలు స్వరాలకు నిడివి రెట్టింపైతే 1.2 స్పేస్‌లు కలిపే చోట ఇది 0.8 మాత్రమే కలుపుతుంది. అతి చిన్న స్వరానికి మామూలుగా 2 స్పేస్‌లు ఇస్తే ఇక్కడ 1.6. స్ట్రిక్ట్ గ్రేస్ స్పేసింగ్ అనే లక్షణాన్ని రాసిపెడితే ముఖ్య స్వరాల ఎడాన్ని ముందు నిర్ణయించి, గ్రేస్ నోట్లను ఆ తరవాత ఎడమవైపు మిగిలిన చోట పెడుతుంది. పై లెక్కలో క్వార్టర్ల మధ్య రెండు గ్రేస్ నోట్లకు ఇది అచ్చంగా సరిపోతుంది. సిక్స్‌టీన్త్‌ల పరుగులో ఇదే లక్షణం గుర్తులను గుద్దుకునేలా చేస్తుంది. సంగీతాన్ని చూసి వాడాలి, అలవాటుగా కాదు.

కాలాన్ని నమోదు చేసే విషయంలో లిలీపాండ్ చేసిన పని మెచ్చుకోదగ్గది. ప్రతి క్షణానికీ రెండు అంకెలుంటాయి. ఒకటి బార్‌లోని అసలు కాలం, రెండోది గ్రేస్ కాలం. గ్రేస్ నోట్ల కాలం రుణాత్మకం. అంటే అవి అసలు క్షణానికి కాస్త ముందు, అసలు గడియారం కదలకుండా జరుగుతాయి. గ్రేస్ నోట్లకు కాలం లేదన్న మాటను ఇంత నిక్కచ్చిగా గణితంలో పెట్టడం అరుదు. దీనివల్ల ఒక ఇబ్బందీ ఉంది. ఒక స్టాఫ్‌లో బార్ మొదట్లో గ్రేస్ నోట్లుండి, మరో స్టాఫ్‌లో అక్కడే క్లెఫ్ మారితే, రెండు స్టాఫ్‌ల గుర్తులు వేర్వేరు క్షణాల్లో పడి చెల్లాచెదురవుతాయి. రెండో స్టాఫ్‌లో అంతే నిడివి గల కనబడని గ్రేస్ విరామాన్ని రాస్తే సర్దుకుంటుంది.

ఫినాలే 1988 నుంచి అమెరికాలో ప్రచురణకర్తల చేతిలో ఉన్న సాఫ్ట్‌వేర్. 2024 ఆగస్టులో దాని అభివృద్ధి ఆపేస్తున్నట్టు ప్రకటించారు.

ఒకటికి మించిన స్టాఫ్‌లు

పియానో రచనలో కుడిచేతికి మొదటి బీట్ ముందు నాలుగు గ్రేస్ నోట్లున్నాయనుకుందాం. ఎడమచేతి స్వరం సరిగ్గా కుడిచేతి ముఖ్య స్వరం కింద నిలవాలి, గ్రేస్ నోట్ల కింద కాదు. రెండు చేతులకూ గ్రేస్ నోట్లుండి సంఖ్య వేరైతే చివరి వాటిని ఒకదాని కింద ఒకటి కుదిర్చి, మిగిలినవి ఎడమకు సాగేలా చూస్తారు. ఇరవై స్టాఫ్‌ల ఆర్కెస్ట్రా స్కోరులో ఒక్క ఫ్లూట్‌కు ఐదు గ్రేస్ నోట్లు వస్తే, వాటి చోటు పక్కన ఏమీ లేని పంతొమ్మిది స్టాఫ్‌ల్లోనూ ఖాళీగా తెరుచుకుంటుంది. స్కోరులో గ్రేస్ నోట్లను బిగువుగా పెట్టడం ఇక్కడ పిసినారితనం కాదు. అది మిగతా వాద్యకారుల లయను కాపాడటం.

ట్రిల్ చివర వచ్చే రెండు చిన్న స్వరాల సంగతి వేరు. అవి గడిచిన స్వరానికి చెందుతాయి, కాబట్టి బార్‌లైన్‌కు ముందే ఉండాలి. వాటిని బార్‌లైన్ దాటిస్తే వాయించేవారు తరవాతి బీట్‌కు అలంకారమనుకుంటారు. లిలీపాండ్‌లో ఆఫ్టర్ గ్రేస్ ఆదేశం వాటిని ముఖ్య స్వరం నిడివిలో నాలుగింట మూడు వంతులు గడిచిన చోట పెడుతుంది. ఆ భిన్నాన్ని మార్చుకోవచ్చు. డోరికోలో బార్‌లైన్ ముందు అనే లక్షణాన్ని ఎంచుకోవాలి. మ్యూజ్‌స్కోర్‌లో స్వరం తరవాతి గ్రేస్ నోట్లు వేరే రకంగానే ఉన్నాయి.

స్కాట్లండ్ బ్యాగ్‌పైప్

ఎడం సమస్య అన్నింటికన్నా తీవ్రంగా కనిపించేది హైలాండ్ బ్యాగ్‌పైప్ సంగీతంలో. ఆ వాద్యంలో గాలి ఆగదు, మోత ఎక్కువ తక్కువ కాదు. ఒకే స్వరం రెండుసార్లు వరసగా రావాలంటే మధ్యలో మరో స్వరాన్ని చటుక్కున తాకి విడగొట్టడం తప్ప దారి లేదు. నొక్కి చెప్పాల్సిన బీట్‌నూ అలాగే చూపాలి. అందుకే గ్రేస్ నోట్లు అక్కడ అలంకారం కాదు, ఉచ్చారణ. ఒక మార్చ్‌లో బార్‌కు పాట స్వరాల కన్నా గ్రేస్ నోట్లే ఎక్కువ ఉండొచ్చు. టోర్లువా అనే కదలికలో కింది జి, డి, కింది జి, ఇ అని నాలుగు గ్రేస్ నోట్లు ఒకేసారి వస్తాయి.

పై లెక్క ప్రకారం నాలుగింటికి 4.4 స్పేస్‌లు, ఒక క్వార్టర్ నోటు చోటు కన్నా ఎక్కువ. ఎయిత్ నోట్ల వరసలో ఇది వస్తే నిష్పత్తి సూత్రం చేతులెత్తేస్తుంది. పైపర్ల సంప్రదాయం దీనికి ఎప్పుడో దారి వెతుక్కుంది. పాట స్వరాల కాడలన్నీ కిందికి, గ్రేస్ నోట్ల కాడలన్నీ పైకి. రెండు రకాల బీమ్‌లు స్టాఫ్‌కు చెరోవైపు ఉంటాయి కనుక ఎంత ఇరికించినా ఒకదాన్నొకటి తాకవు. గ్రేస్ నోట్లు మూడు బీమ్‌లతో, చాలా దగ్గరగా కూర్చుంటాయి. కింది బీమ్‌లను మాత్రమే చూస్తూ లయ చదవొచ్చు. ఈ సంగీతం కోసం లిలీపాండ్‌లో ముందే రాసిపెట్టిన ఆదేశాల ఫైలు ఉంది, టోర్లువా వంటి కదలికలను ఒక్క మాటతో రాసుకోవచ్చు. బ్యాగ్‌పైప్ పుటను మామూలు పియానో అంకెలతో అమరిస్తే మాత్రం ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా పంక్తికి రెండు బార్లు పట్టడం గగనమవుతుంది. గ్రేస్ నోట్ల ఎడాన్ని సగానికి దగ్గరగా తగ్గించడం అక్కడ మొదటి పని.

గమకాలు

1890లలో ఎ.ఎం. చిన్నస్వామి ముదలియార్ కర్ణాటక కృతులను స్టాఫ్ నొటేషన్‌లో ప్రచురించే ప్రయత్నం చేశాడు. గమకాలను, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికే తీరులను, ఆ లిపిలో రాయాలంటే చిన్న స్వరాలే దగ్గరి దారి. కానీ కంపితాన్నో జారునో విడి స్వరాలుగా విడగొట్టి రాస్తే పుట కిక్కిరిసిపోతుంది, ఒక్క ఊపులో పలకాల్సింది మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. ఆయనే ప్రోత్సహించిన సుబ్బరామ దీక్షితులు తెలుగులో రాసి 1904లో ఎట్టయపురంలో ప్రచురించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని వేరే దారి పట్టింది. కంపితం, స్ఫురితం, నొక్కు, రవ, ఒదిగింపు, జారు వంటి వాటికి చిన్న గుర్తులు ఏర్పరచి స్వరాక్షరాల మీద పెట్టింది. గుర్తు పైకి వెళ్లడంతో అడ్డ ఎడం చెదరలేదు, తాళం లెక్క పుట మీద చెక్కుచెదరకుండా నిలిచింది. గమకాలకు ఇదే మేలైన దారి. నేడు వయొలిన్ బృందాల కోసం కర్ణాటక సంగతులను స్టాఫ్‌లో రాసేవారికి కూడా, ప్రతి కదలికనూ గ్రేస్ నోటుగా మార్చే ముందు, స్వరం మీద గుర్తు పెడితే సరిపోతుందా అని చూసుకోవడం మంచిది.

ఫైళ్ల మార్పిడి

ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి స్వరలిపిని పంపడానికి ఎక్కువగా వాడేది మైకేల్ గుడ్ రూపొందించిన మ్యూజిక్ ఎక్స్ఎంఎల్. అందులో గ్రేస్ నోటుకు నిడివి అనే మూలకం ఉండదు. కాడ మీద గీత ఉందా, సమయాన్ని ముందరి స్వరం నుంచి ఎంత శాతం తీసుకోవాలి, తరవాతి స్వరం నుంచి ఎంత అన్నవి చెప్పొచ్చు. మోత వివరం ఇంత బాగా చేరుతుంది గానీ, చేత్తో జరిపిన ఎడం సాధారణంగా చేరదు. స్థానాన్ని రాసే వీలున్నా, అందుకునే సాఫ్ట్‌వేర్లు చాలావరకు తమ సొంత లెక్కతోనే పంక్తిని మళ్లీ అమరుస్తాయి. ఫినాలే నుంచి పాత ఫైళ్లను తరలిస్తున్న ప్రచురణకర్తలు అందుకే ప్రతి రచనకూ పాత అచ్చు రూపాన్ని పీడీఎఫ్‌గా దాచుకుని, కొత్త ఫైలును దాని పక్కన పెట్టుకుని గ్రేస్ నోట్లున్న బార్లను ఒక్కొక్కటిగా పోల్చి చూసుకోవాలి.